సిపాయి దస్తరము: అమెరికాలో ఒక దిద్దుబాటు చరిత్ర

యుద్ధము ముగిసి సేనలు చెదరిపోయిన పిదప సైనికుని వెంట జీవితాంతము నడచునది ప్రభుత్వ దస్తరములో అతని పేరిట నిలిచిన కొన్ని పంక్తుల వ్రాత. అతడు ఏ దినమున దండులో చేరెను, ఏ పటాలమున పనిచేసెను, ఎక్కడ గాయపడెను, ఏ ఆస్పత్రిలో పడియుండెను, తుదకు ఏ విధముగా కొలువు విడిచెను అను సంగతులన్నియు ఆ పంక్తులలో నుండును. పింఛను వచ్చుటయు రాకుండుటయు, చికిత్స దొరకుటయు దొరకకుండుటయు, అతడు చనిపోయిన పిదప భార్యకు జీవనాధారము కలుగుటయు కలుగకుండుటయు, సమాధిఫలకముపై ఏమి చెక్కవలెనన్నదియు వానినిబట్టియే నిర్ణయమగుచుండును. పూర్వము మన పల్లెలలో కరణము కలమునకు ఎంత బలముండెనో సైన్యములో గుమాస్తా కలమునకు అంత బలము కలదు: పొలము ఎవరు దున్నుచున్నారో ఊరెల్ల ఎరిగియున్నను, అడంగలులో వేరొకని పేరు పడినచో కచ్చేరిలో ఆ పేరే చెల్లెడిది గదా. ఇట్టి వ్రాతలో తప్పు దొర్లినప్పుడు దానిని దిద్దించుకొను మార్గము అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఎట్లేర్పడెనో, ఏర్పడుటకు ఎంతకాలము పట్టెనో, ఏర్పడిన పిదప ఎవరికి అక్కరకు వచ్చెనో చెప్పుట నా యుద్దేశము. ఆ చరిత్రను చదువగా నాకు తోచిన దేమనగా, వ్రాయసకాండ్ర పొరపాటులకంటె, అక్షరము పొల్లుపోకుండ వ్రాసిపెట్టిన అన్యాయములే అచట మనుష్యులను ఎక్కువగా బాధించినవి. మొదటివానిని దిద్దుటకు రాజ్యము ఇరువది యేండ్లలో సిద్ధపడగా, రెండవవానిని దిద్దుటకు దానికి ఇంచుమించు ఒక శతాబ్దము పట్టినది.

1861 మొదలు 1865 వరకు సాగిన అంతర్యుద్ధములో ఉత్తర రాష్ట్రముల పక్షమున 20 లక్షలకు పైగా జనులు ఆయుధము పట్టిరి. రెండు నెలలకొకసారి హాజరుపట్టీ వేసి దానినిబట్టి జీతములు పంచుట ఆనాటి పద్ధతి. ఆ పట్టీలు వ్రాసినవారు తరచుగా కంపెనీలోని సార్జంట్లు, లేదా దస్తూరి కొంచెము చక్కగానున్న సిపాయిలు. గుడారములలో దీపపు వెలుగున, వానలో, ప్రయాణముల నడుమ వ్రాసినవి అవి. జ్వరముతో దారిలో కూలిన సిపాయిని వేరొక పటాలపు బండి ఎత్తుకొనిపోయి దూరమున ఏదో ఆస్పత్రిలో చేర్చినచో, ఆ వార్త అతని కంపెనీకి అందులోపలనే హాజరు దినము వచ్చిపడెడిది. పిలిచినప్పుడు పలుకనివాని పేరునకు ఎదురుగా ‘పారిపోయినవాడు’ అని వ్రాయబడెడిది. జర్మను, ఐరిషు వలసదారుల పేర్లను గుమాస్తాలు చెవికి సోకినట్లు వ్రాసిరి. ఒకే మనుష్యుడు మూడు పట్టీలలో మూడు పేర్లతో కనబడుట అరుదు కాదు.

దాస్యమునుండి తప్పించుకొని వచ్చి దండులో చేరినవారి చిక్కు ఇంతకంటె పెద్దది. నల్లజాతి దళములలో సుమారు 1,80,000 మంది పనిచేసిరి. వారిలో పలువురు తమ్ము కొనియుంచిన యజమానుని ఇంటిపేరుతో చేరి, విముక్తులైన పిదప ఆ పేరును రోసి విడిచి, తండ్రిపేరో, తాము మెచ్చి యెంచుకొన్న వేరొక పేరో పెట్టుకొనిరి. పెక్కేండ్లు గడచిన పిమ్మట అట్టివాని వితంతువు పింఛనునకు అర్జీ పెట్టుకొన్నప్పుడు, పట్టీలోని పేరుగలవాడును తన భర్తయు ఒక్కడేయని నిరూపించు భారము ఆమె నెత్తిన పడెను. పింఛను శాఖవారు ప్రత్యేక విచారణాధికారులను ఊళ్లకు పంపి, ఇరుగుపొరుగువారిచేతను, తోడి సిపాయిలచేతను, ఒక్కొక్కచో పూర్వపు యజమానుల కుటుంబములవారిచేతను ప్రమాణపూర్వకముగా వాఙ్మూలములు చెప్పించిరి. ఒక పేరు నిజమా కాదా యని తేల్చుటకై కూర్చిన ఆ కాగితపు కట్టలలో, దాసులుగా పుట్టినవారి పెండ్లిండ్లు, పురుళ్లు, తల్లినుండి బిడ్డను వేరుచేసిన విక్రయములు మున్నగు సంగతులు వారి నోటి మాటలలోనే నిలిచియున్నవి. వేరెచ్చటను వ్రాయబడని ఆ జీవితచరిత్రలకొరకు నేటి చరిత్రకారులు ఆ కట్టలను ఆశ్రయించుచున్నారు.

1890 నాటి పింఛను శాసనము 90 దినముల కొలువును, గౌరవప్రదమైన విడుదలను నియమముగా పెట్టెను. కాబట్టి ‘పారిపోయినవాడు’ అను మాట కేవలము అపకీర్తి కాక ముసలితనమున కూటికి అడ్డమగు గోడ యయ్యెను. అప్పటికే 1880లలో అమెరికా కాంగ్రెసు వరుసగా కొన్ని శాసనములు చేసి, ఆ నింద అన్యాయముగా పడినదని తేలినచోట దానిని తొలగించు అధికారమును యుద్ధశాఖకు ఇచ్చియుండెను. నమ్మకముగా పనిచేసి, యుద్ధము ఇంచుమించు ముగిసిన 1865 మే తరువాత విడుదల కాగితము రాకమునుపే ఇంటికి నడచిపోయిన కాపువాండ్రు పలువురు ఈ శాసనములవలన గట్టెక్కిరి. దిద్దుబాటు పద్ధతి గమనింపదగినది: పాత పట్టీలోని మాటను ఎవరును గీకివేయలేదు, ఆ నింద తొలగింపబడినదని, ఏ శాసనము ప్రకారము తొలగింపబడినదో చెప్పుచు, ఒక క్రొత్త చీటీ వ్రాసి ఆ సైనికుని కాగితములుండు కవరులో చేర్చిరి. నేటికిని ఆ కవరు విప్పినవారికి నిందయు, దాని ఖండనమును ఒకదాని వెనుక నొకటి కనబడును. ఇది మంచి పద్ధతి యని నా యభిప్రాయము. ఏలయనగా తప్పును చెరపివేసిన చోట, తప్పు చేసినవారి జాడయు చెరగిపోవును.

ఈ కవరుల పుట్టుక వెనుక ఫ్రెడ్ ఐన్స్‌వర్త్ అను సైనిక వైద్యుడున్నాడు. 1886లో దస్తరముల శాఖకు అధికారియై వచ్చిన అతడు, చేతులుమారి చినిగిపోవుచున్న హాజరుపట్టీలను చూచి, ప్రతి సైనికునకును వేరువేరుగా అట్టముక్కలు ఏర్పరచి, ఒక్కొక్క పట్టీలో అతనినిగూర్చి యున్న మాటలను ఒక్కొక్క అట్టపై నకలు తీయించి, అవన్నియు ఒక కవరులో పెట్టించెను. వందలకొలది గుమాస్తాలు ఏండ్ల తరబడి చేసిన పని యిది. వారు కూర్చుండి వ్రాసిన భవనములలో నొకటి వాషింగ్టనులోని ఫోర్డు నాటకశాల. 1865 ఏప్రిల్ 14న లింకను గుండు దెబ్బ తిన్న భవనమది. 1893 జూన్ 9న, క్రింది భాగమున త్రవ్వకము జరుగుచుండగా ఆధారస్తంభము సడలి, పై అంతస్తులు గుమాస్తాలతో, అట్టపెట్టెలతో సహా కూలిపడెను. 22 మంది ప్రాణములు కోల్పోయిరి. ఎదుటివారి గాయములను, మరణములను నకలు వ్రాయుచు దినములు గడపిన ఆ చిరుద్యోగులనుగూర్చి చరిత్రగ్రంథములు ఒక వాక్యముతో సరిపెట్టుట నాకు కష్టముగా తోచును.

శాసనపు సందులలో ఇమడని తప్పులకు మిగిలిన మార్గమొక్కటే: తన జిల్లా ప్రతినిధిని పట్టుకొని, తన యొక్కని పేరిట కాంగ్రెసులో ప్రత్యేకపు బిల్లు పెట్టించుకొనుట. ఫలానా మనుష్యుడు ఫలానా తేదీన గౌరవముతో విడుదలైనట్లు భావింపవలెనని దేశపు అత్యున్నత శాసనసంస్థ చట్టము చేయుట! పింఛను బిల్లులును ఇట్లే వచ్చిపడెను. ఒకానొక కాలమున ప్రతినిధుల సభ శుక్రవారపు రాత్రి సమావేశములను వానికే ప్రత్యేకించెను. అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లండు తన తొలి పదవీకాలములో ఇట్టి వ్యక్తిగత పింఛను బిల్లులను 200కు మించి తిరస్కరించెను. వానిలో దొంగ యర్జీలు ఉండెననుట నిజమే. కాని ఈ పద్ధతిలోని అసలు దోషము వేరు: ఓటు గలవానికి, పలుకుబడి గలవానికి ప్రతినిధి దొరకును, రెండును లేనివానికి దొరకడు. దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారి ఓటు ఊడబెరికిన ఆ కాలములో, దీని ఫలితము ఎవరిపై పడెనో చెప్పనక్కరలేదు. హెన్రీ ఫ్లిప్పర్ చరిత్రయే దీనికి సాక్ష్యము.

1856లో జార్జియాలోని థామస్‌విల్‌లో దాసుల ఇంట పుట్టిన ఫ్లిప్పర్, 1877లో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయమున పట్టము పొంది, ఆ గౌరవము దక్కించుకొన్న మొదటి నల్లజాతివాడయ్యెను. నాలుగేండ్లపాటు తోడి విద్యార్థులు తనతో పలుకకున్నను చదువు సాగించిన ధీరుడు. పదవ ఆశ్వికదళమున లెఫ్టినెంటుగా చేరి, ఫోర్ట్ సిల్ అను దండుపేటలో మడుగులు నిలిచి జ్వరములు వ్యాపించుచుండగా నీరు పోవుటకు కాలువను వాలు కట్టి త్రవ్వించెను. ఆ కాలువకు అతని పేరే నిలిచినది. 1880 నాటికి టెక్సస్‌లోని ఫోర్ట్ డేవిస్‌లో దండు సరకుల కొట్టునకు లెక్కల అధికారి. అక్కడికి పైయధికారియై వచ్చిన కర్నల్ విలియం షాఫ్టరు కాలములో, కొట్టు సొమ్ములో లోటు బయటపడెను. సొమ్ము తన పెట్టెలోనుండి ఎట్లు పోయెనో ఫ్లిప్పర్‌కు తెలియలేదు. భయపడి, లోటును దాచి, తాను పూరింపగలనను ఆశతో అబద్ధము చెప్పెను. సంగతి బయలుపడగా ఊరివారు, వర్తకులు చందాలు వేసికొని కొద్ది దినములలోనే లోటు తీర్చిరి. అయినను 1881లో సైనిక న్యాయస్థానము విచారణ జరిపి, దొంగతనపు నేరము నిలువలేదని తీర్పు చెప్పి, అధికారికి తగని నడవడి అను నేరముక్రింద కొలువునుండి వెళ్లగొట్టవలెనని నిర్ణయించెను. సైన్యపు ముఖ్య న్యాయాధికారి ఆ శిక్ష అధికమని, తగ్గింపుమని సలహా చెప్పెను. అధ్యక్షుడు చెస్టర్ ఆర్థరు వినలేదు. 1882 జూన్ 30న ఫ్లిప్పర్ కొలువు ముగిసెను.

ఇక్కడ వ్రాయసకాని తప్పు ఒక్కటియు లేదు. కాగితములోని తేదీలు సరియైనవి, పేరు సరియైనది, తీర్పు ఉన్నదున్నట్లే వ్రాయబడినది. తప్పు కాగితమునకు వెనుక నున్నది. ఫ్లిప్పర్ తరువాతి బ్రతుకు చూడుడు: సర్వేయరుగా, గనుల ఇంజనీరుగా నైరుతి సీమలోను మెక్సికోలోను పేరు గడించెను, స్పానిషు భూశాసనములలో ప్రవీణుడై, అమెరికా న్యాయశాఖకు ప్రత్యేక ప్రతినిధిగా పనిచేసి, ప్రభుత్వమునకు విశాలమైన భూములు దక్కునట్లు సహాయపడెను, 1921లో అంతరంగిక వ్యవహారముల మంత్రికి సహాయకుడయ్యెను. ఒక శాఖవారు వెళ్లగొట్టిన మనుష్యునే మరి రెండు శాఖలవారు నమ్మి పని యిచ్చిరి. ఇంత జరిగినను 1898 మొదలు పలుమార్లు కాంగ్రెసులో అతని పేరిట పెట్టిన బిల్లులు ఒక్కటియు నెరవేరలేదు; కమిటీలలోనే పడి అణగిపోయినవి. 1940లో అట్లాంటాలో అతడు కన్నుమూసినప్పుడు, సోదరుడు మరణ ధ్రువపత్రములో వృత్తి యని యున్నచోట ‘విశ్రాంత సైనికాధికారి’ యని వ్రాయించెను. ఏ బోర్డును, ఏ మంత్రియు చేయకమునుపు, ఆ కుటుంబము తన పరిధిలో తాను చేసికొనగలిగిన దిద్దుబాటు అది.

ఫ్లిప్పర్ ఒక్కడు, బ్రౌన్స్‌విల్‌లో దెబ్బతిన్నవారు 167 మంది. 1906 ఆగస్టు 13 అర్ధరాత్రి ప్రాంతమున టెక్సస్‌లోని ఆ సరిహద్దు పట్టణమున తుపాకులు ప్రేలి, ఒక మద్యశాల నౌకరు చనిపోయెను, ఒక పోలీసు అధికారి గాయపడెను. అచటి దండుపేటకు కొలది దినముల క్రిందటనే వచ్చిన 25వ పదాతిదళపు నల్లజాతి సిపాయిలపై ఊరివారు నేరము మోపిరి. ఆ రాత్రి సిపాయిలందరును పేటలోనే యుండిరని వారి తెల్ల అధికారులే మొదట సాక్ష్యమిచ్చిరి. నేరస్థులెవరో చెప్పుమని అడిగినప్పుడు, తమకు తెలియదని సిపాయిలు చెప్పిరి; ఆ మాటను కుట్రగా భావించి, విచారణ యేమియు లేకయే, అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు మూడు కంపెనీలలోని 167 మందిని గౌరవము లేకుండ విడుదల చేయుచు నవంబరులో ఆజ్ఞ యిచ్చెను. ఎన్నికలు ముగియువరకు ఆ ఆజ్ఞ వెల్లడి కాలేదు. ఇరువది యేండ్లకు పైబడి కొలువు చేసి పింఛనునకు చేరువలో నున్నవారును వారిలో నుండిరి. ఓహియో సెనేటరు జోసఫ్ ఫోరేకరు తన రాజకీయ భవిష్యత్తును లక్ష్యపెట్టక వారి పక్షమున పోరాడెను. దాని ఫలితముగా 1909లో నియమింపబడిన విచారణసంఘము 14 మందికి మాత్రము మరల చేరుటకు అర్హత యిచ్చెను. ఏ కారణముచే వారినెన్నుకొనిరో, తక్కినవారినేల విడిచిరో ఆ సంఘము చెప్పలేదు.

ఇట్లు విన్నపములు పోగుపడుచుండగా రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. 1944 జూన్ 22 నాటి శాసనము తిరిగివచ్చు సైనికులకు చదువు, ఇల్లు, వ్యాపారపు అప్పు మున్నగు వానిని కల్పించినదని లోకము ఎరుగును. అందలి 301వ ప్రకరణము విడుదల విధమును పునర్విమర్శించు బోర్డులను ఏర్పరచినదని ఎరిగినవారు తక్కువ. విడుదలైన 15 ఏండ్లలోపల అర్జీ పెట్టుకొనవలెను. పెద్ద కోర్టుమార్షలు తీర్పులు దాని పరిధిలోనికి రావు. తరువాత 1946 ఆగస్టు 2న వచ్చిన శాసనము అసలు మలుపు. అది కాంగ్రెసు తన కమిటీలను కుదించుకొని, తన పని తేలిక చేసికొనుటకు చేసిన శాసనము. అందొకచోట, సైనిక దస్తరముల సవరణకై ఇకమీదట వ్యక్తిగత బిల్లులు స్వీకరింపరాదని నిషేధించి, మరియొకచోట, తప్పు దిద్దుటకు గాని అన్యాయము తొలగించుటకు గాని ఏ సైనిక దస్తరమునైనను సవరించు అధికారమును, పౌరోద్యోగులతో కూడిన బోర్డుల ద్వారా, ఆయా శాఖల మంత్రులకు అప్పగించెను. కరుణతో కాక విసుగుతో చేసిన ఈ యేర్పాటు, కరుణతో చేసిన అనేక శాసనములకంటె ఎక్కువ మేలు చేసినదని నా నమ్మకము. ఏలయనగా, ఓటు లేనివానికిని, ప్రతినిధి లేనివానికిని అది ఒక తలుపు చూపెను. ఆ తలుపు వెనుక కూర్చుండువారు యూనిఫారము లేనివారు. వారు చూడవలసినది గుమాస్తా పొరపాటు మాత్రమే కాదు, న్యాయమునకు లోటు జరిగెనా యనునదియు.

మొదట ఈ దిద్దుబాటువలన సొమ్ము చేతికి వచ్చునా రాదా యని వివాదము నడచెను. 1951లో ఒక సవరణ చేసి, దస్తరము మారిన ఫలితముగా రావలసిన జీతభత్యములు చెల్లింపవచ్చునని తేల్చిరి. తప్పును కనుగొన్న మూడేండ్లలోపల అర్జీ పెట్టవలెనను గడువు కలదు. న్యాయము కోరినచో బోర్డు ఆ గడువును మన్నింపవచ్చును. అర్జీదారుని శ్రమ మాత్రము తక్కువ కాదు. దస్తరము సరియైనదేయని బోర్డు మొదట అనుకొనును. కాదని చూపుట అర్జీదారుని పని. తోడివారి ప్రమాణపత్రములు, వైద్యుల కాగితములు, నాటి ఉత్తరములు అతడే వెదకి తేవలెను. 1950 మొదలు సైనికుని చేతికి వచ్చుచున్న విడుదల పత్రములో, కొలువు ఏల ముగిసెనో తెలుపు సంకేతాంకములు కూడ ఉండెడివి. సామాన్యునికి వాని యర్థము తెలియదు. ఉద్యోగమిచ్చు యజమానులలో కొందరికి తెలిసియుండెను. గౌరవప్రదమైన విడుదల యని పైన పెద్ద అక్షరములలో నున్నను, క్రింద మూలనున్న చిన్న యంకె అతనికి తెలియకయే పని దొరకకుండ చేసిన కాలమది. 1974లో ఆ యంకెలు వేయుట మాని, కోరినవారికి అవి లేని పత్రములు క్రొత్తగా ఇచ్చిరి.

బ్రౌన్స్‌విల్ సిపాయిలకు న్యాయము కలిగిన తీరు వినదగినది. 1970లో జాన్ వీవరు అను రచయిత ఆ ఘటనపై గ్రంథము ప్రకటించి, వారు నిర్దోషులని సాక్ష్యములతో వాదించెను. దానిని చదివిన కాలిఫోర్నియా ప్రతినిధి ఆగస్టస్ హాకిన్సు కాంగ్రెసులో బిల్లు పెట్టెను. సైన్యము మరల పరిశీలించి, 1972లో 167 మంది విడుదలలను గౌరవప్రదమైనవిగా మార్చెను. అప్పటికి వారిలో మరల కొలువునకు నోచుకొనక సజీవుడుగా మిగిలినవాడు డోర్సీ విల్లిస్. మినియాపోలిస్‌లో ఒక క్షౌరశాలలో జోళ్లకు మెరుగు పెట్టుచు అర్ధశతాబ్దమునకు పైగా బ్రతుకు గడపినవాడు. 1973 ఫిబ్రవరిలో అతని 87వ పుట్టిననాడు ఒక చర్చిలో సైన్యాధికారి అతనికి విడుదల పత్రము అందించెను. పత్రముతోపాటు వెనుకటి జీతముగాని పింఛనుగాని రాలేదు; దానికి మరియొక శాసనము కావలసివచ్చెను, దాని ప్రకారము 25,000 డాలర్లు ముట్టెను. అరువదియారేండ్లకు పైగా నిందను మోసినవానికి ఆ మొత్తము చాలినదని ఎవరును అనలేరు. అంతకుమించి అతని సహచరులలో అత్యధికులు నిందతోనే సమాధి చేరిరి.

1976లో జార్జియాకు చెందిన ఒక ఉపాధ్యాయుడు ఫ్లిప్పర్ వంశీయులతో కలసి సవరణ బోర్డునకు అర్జీ పెట్టెను. సైనిక న్యాయస్థానపు తీర్పును రద్దుచేయు అధికారము తనకు లేదని బోర్డు చెప్పెను. అయినను ఆ శిక్ష నేరమునకు మించినదని, అది నిలిచియుండుట అన్యాయమని తలచి, 1882 జూన్ 30 తేదీతోనే గౌరవప్రదమైన విడుదల పత్రము పుట్టించుటకు సిఫారసు చేసెను. మరుసటి మే మాసమున వెస్ట్ పాయింట్‌లో అతని విగ్రహము వెలసెను. తీర్పు మచ్చ మాత్రము మిగిలియుండెను. అది 1999 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు క్లింటను క్షమాపణతో తొలగెను. మరణించినవానికి అమెరికా అధ్యక్షుడు క్షమాపణ ప్రసాదించుట అదే మొదటిసారి. చేయని నేరమునకు క్షమాపణ యేమి యని అడుగువారుండవచ్చును. కాని ఫ్లిప్పర్ లోటును దాచుట నిజము, దానికి అంత శిక్ష వేయుట అన్యాయము. ఈ రెంటిని వేరుచేసి చూచిన బోర్డు వివేకము నాకు నచ్చినది.

ఫ్లిప్పర్‌కు గౌరవప్రదమైన విడుదల పత్రము పుట్టిన మరు సంవత్సరమే, అంతర్యుద్ధములో గాయపడినవారికి చికిత్స చేయుచు శత్రువుల చేత చిక్కి నాలుగు మాసములు బందీగా గడపిన వైద్యురాలు మేరీ వాకరునకు లభించిన సైనిక పతకము తిరిగి దస్తరమెక్కెను. 1917లో పతకముల జాబితాను వడబోసి 911 పేర్లు కొట్టివేసినప్పుడు ఆమె పేరును పోయెను. ఆమె పతకము తిరిగి ఇచ్చుటకు ఒప్పుకొనక, 1919లో చనిపోవువరకు దానిని ధరించియే తిరిగెను. 1917లోనే హ్యూస్టనులో జరిగిన అల్లరికి సంబంధించి శిక్షింపబడిన 110 మంది నల్లజాతి సిపాయిల తీర్పులు, వారిలో 19 మంది ఉరితీయబడినవారే, సవరణ బోర్డు సిఫారసుపై 2023 నవంబరులో రద్దయ్యెను. నూరేండ్లు మించిన తరువాత.

ఇట్లు పాత కాగితములు ఒక్కొక్కటిగా దిద్దబడుచున్న దినములలోనే, లక్షలకొలది కాగితములు ఒక్కసారిగా కాలిపోయినవి. సెయింట్ లూయీస్ నగరము వెలుపల సైనిక దస్తరముల భవనము ఆరవ అంతస్తున 1973 జూలై 12 అర్ధరాత్రి దాటిన కొద్ది నిమిషములకు మంట పుట్టి నాలుగు దినములకుగాని చల్లారలేదు. నీటివలన కాగితములు చెడునను భయముతో ఆ భవనమునకు నీటిజల్లు యంత్రములు అమర్చలేదు. 1912 నుండి 1960 వరకు పదాతి మున్నగు సైన్యదళములనుండి విడుదలైనవారి దస్తరములలో నూటికి 80 పాళ్లు నశించెను. 1947 నుండి 1964 వరకు వైమానిక దళము విడిచినవారిలో, అక్షరక్రమమున హబ్బర్డ్ అను పేరునకు తరువాత వచ్చువారి దస్తరములు నూటికి 75 పాళ్లు పోయెను. మొత్తము 160 నుండి 180 లక్షల దస్తరములు. వానికి మారు ప్రతులు లేవు, సూక్ష్మచిత్రములు లేవు, సూచిక సయితము లేదు. ఎవరి కాగితములు పోయెనో చెప్పుటకు కూడ సాధనము లేదన్నమాట.

తడిసిన కట్టలను ఆరబెట్టినవారి నేర్పు చెప్పుకొనదగినది. వేసవికాలము; బూజు పట్టుటకు రెండు దినములు చాలును. ఆ కట్టలను ప్లాస్టిక్ పాలపెట్టెలలో పేర్చి, అంతరిక్ష నౌకలను పరీక్షించుటకు మక్‌డానెల్ డగ్లస్ సంస్థ ఆ నగరములోనే కట్టించిన శూన్యగదికి తరలించిరి. ఒక్కొక్క దఫా సుమారు 2,000 పెట్టెలు పట్టెడివి. గాలి తీసివేసి, కొంచెము వేడిచేయగా, ఒక దఫాలో దాదాపు 8 టన్నుల నీరు కాగితములనుండి వెలువడెడిది. అంచులు మాడి, నడుమ అక్షరములు మిగిలిన 65 లక్షల దస్తరములు ఇట్లు దక్కినవి. పూర్తిగా పోయినవానికి బదులుగా గుమాస్తాలు ఇతర శాఖల కాగితములనుండి క్రొత్త దస్తరములు అల్లిరి: చివరి జీతపు రసీదులు, కంపెనీలు ప్రతి ఉదయము పంపిన నివేదికలు, ఆస్పత్రి చేరికల లెక్కలు, పింఛను అర్జీలు. పూర్వము ఐన్స్‌వర్త్ గుమాస్తాలు పట్టీలనుండి అట్టముక్కలు ఏరినట్లే వీరును ఏరవలసివచ్చెను. అర్జీదారుడు తన చేతిలోనున్న విడుదల పత్రము నకలో, దండులో తీయించుకొన్న ఫొటోయో, ఇంటికి వ్రాసిన ఉత్తరమో తెచ్చి ఇచ్చినచో, అదియు ఆ క్రొత్త దస్తరములో భాగమయ్యెను.

ఇంతటితో ఒక న్యాయప్రశ్న పుట్టినది. దస్తరము సరియైనదని మొదట నమ్మి, కాదని చూపు భారము సైనికునిపై వేయుట పాత నియమము. ప్రభుత్వము చేతిలోనే కాలిపోయిన కాగితముతో గాయమును నిరూపింపుమని ముసలి సిపాయిని అడుగుట ఏ ధర్మము? మాజీ సైనికుల యప్పీళ్లకై 1988లో ఏర్పడిన న్యాయస్థానము 1991లో ఒక తీర్పున, కాగితములు ప్రభుత్వపు భద్రతలో నుండి పోయినప్పుడు, తన నిర్ణయమునకు కారణములు వివరించుటలోను, సందేహము కలిగినచో దాని ఫలమును సైనికునకే ఈయవలెనను నియమమును పాటించుటలోను, ప్రభుత్వమునకు మామూలుకంటె మిక్కిలి బాధ్యత కలదని చెప్పెను. ఆ తీర్పు పింఛనులు, చికిత్సలకు సంబంధించిన శాఖకు వర్తించునదే; సవరణ బోర్డుల యెదుట, కాలిన కాగితపు సిపాయియు, కాలని కాగితపు సిపాయియు ఒకే గుమ్మము దాటవలసియున్నారు. 1946 నాటి శాసనమును చేసినవారు అగ్నిని ఊహింపలేదు. ఆ శాసనమును ఇప్పుడు సవరించుట అసాధ్యము కాదు, శాసనకర్తలు పూనుకొనినచో ఒక వాక్యముతో తీరిపోవు పని.